పాత మ్యాక్‌లో విండోస్ ఆన్‌లైన్ గేమ్: బూట్ క్యాంపా, క్రాస్‌ఓవరా, లైనక్సా, క్లౌడా?

పాత మ్యాక్‌లో విండోస్ ఆన్‌లైన్ గేమ్ నత్తనడక నడుస్తుంటే, లేదా అసలు తెరుచుకోకపోతే, చాలామంది మొదట మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ బటన్ నొక్కేస్తారు. దయచేసి ఆ పని ఇప్పుడే చేయకండి. 2019లో వచ్చిన కాటలీనా అనే మ్యాక్‌ఓఎస్‌తో ఆపిల్ 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. దానికి ముందరి మొహావీలో చక్కగా నడిచిన ఎన్నో పాత గేములు, విండోస్ ప్రోగ్రాములను మ్యాక్‌లో నడిపే ఉచిత వైన్ ప్యాకేజీలు ఆ ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి. వెనక్కి వెళ్లాలంటే డిస్క్ మొత్తం తుడవాల్సి వస్తుంది. ఏ దారిలో గేమ్ ఆడబోతున్నారో ముందు తేల్చుకోండి, ఆ దారికి ఏ మ్యాక్‌ఓఎస్ కావాలో తర్వాత చూడండి.

ఇక్కడ రాస్తున్నది ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌ల గురించి, ముఖ్యంగా 2012 నుంచి 2019 దాకా వచ్చిన వాటి గురించి. అమెరికాలో అన్నయ్యో అక్కో వాడి, కొత్తది కొన్నాక ఇంటికి పంపిన మ్యాక్‌బుక్‌లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. వాటి మీద ఇంకా నాలుగేళ్లు హాయిగా పని చేసుకోవచ్చు, గేములూ ఆడుకోవచ్చు. ఎం1, ఆ తర్వాతి చిప్‌ల లెక్క వేరు. మ్యాక్‌లో విండోస్‌ను ఎక్కించే బూట్ క్యాంపే వాటిలో లేదు కాబట్టి ఈ పోలిక వాటికి పనికిరాదు.

ఉదాహరణకు గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ గేమ్ తీసుకుంటాను. దీనికి కారణం ఉంది. 2012లో గేమ్ వచ్చిన ఏడాదే మ్యాక్ వెర్షన్ కూడా వచ్చింది. అది నిజానికి విండోస్ గేమే, విండోస్ గేమ్ మాటలను మ్యాక్‌కు మార్చి చెప్పే సైడర్ అనే అనువాద పొర చుట్టి ఇచ్చారు. తర్వాత సొంతంగా 64 బిట్ మ్యాక్ వెర్షన్ చేశారు. 2018లో మొహావీతో ఆపిల్ గ్రాఫిక్స్ గీసే పాత పద్ధతి ఓపెన్‌జీఎల్‌ను పక్కన పెట్టేయడంతో ఆ వెర్షన్ కాళ్ల కింద నేల కదిలింది. అరీనానెట్ సంస్థ 2021 ఫిబ్రవరి 18న మ్యాక్ వెర్షన్‌కు మద్దతు ఆపేసింది. కాబట్టి నేడు మ్యాక్‌లో గిల్డ్ వార్స్ 2 ఆడటమంటే విండోస్ వెర్షన్‌ను ఏదో ఒక దారిలో నడపడమే. నెలనెలా చందా లేదు, 2015 నుంచి అసలు గేమ్ ఉచితం కూడా. అంటే ప్రతి దారినీ గేమ్ కోసం పైసా ఖర్చు లేకుండా పరీక్షించి చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు: యాంటీ చీట్

మీ గేమ్ ఏదైనా సరే, దారి ఎంచుకునే ముందు అందులో యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్లను పట్టే ప్రోగ్రామ్) ఏముందో చూడండి. ఇది తేలకుండా మిగతావన్నీ ఆలోచించడం వృథా. వాలరెంట్‌కు ఉన్న వాన్‌గార్డ్ అసలైన విండోస్ మీద తప్ప నడవదు. వైన్ ఉన్నా, వర్చువల్ మెషీన్ (మ్యాక్‌ఓఎస్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్) ఉన్నా తలుపు తీయదు. జీటీఏ ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ తగిలించారు. దాంతో అప్పటిదాకా లైనక్స్‌లో ఆన్‌లైన్ ఆడినవాళ్లు ఒక్క రోజులో బయటపడ్డారు. వాళ్లకు కథ భాగం మాత్రమే మిగిలింది. డెస్టినీ 2 అయితే ఇలాంటి అనువాద పొరల మీద ఆడితే అకౌంట్‌నే నిషేధిస్తామని ముందే చెప్పింది. ఇలాంటి గేములకు మీ ముందున్నవి రెండే: బూట్ క్యాంప్, లేకపోతే క్లౌడ్. అడ్డదారులు చెప్పే వీడియోలు నమ్మి ఏళ్ల తరబడి పెంచుకున్న అకౌంట్ పోగొట్టుకోవద్దు.

గిల్డ్ వార్స్ 2కు ఆ బెడద లేదు, అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ లాంటి వాటికి నేరుగా మ్యాక్ వెర్షన్లే ఉన్నాయి కాబట్టి ముందు దాన్నే ప్రయత్నించండి. కౌంటర్ స్ట్రైక్ సంగతి తిరగబడింది. పాత గ్లోబల్ అఫెన్సివ్‌కు మ్యాక్ వెర్షన్ ఉండేది, 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2కు లేదు.

ఇక మీ మ్యాక్ సంగతి. ఆపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్ తెరిచి నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఏ ఏడాది మోడల్, గ్రాఫిక్స్ చిప్ ఏది, ర్యామ్ ఎంత, డిస్క్‌లో ఖాళీ ఎంత. గ్రాఫిక్స్ దగ్గర ఇంటెల్ హెచ్‌డీ 3000 అని ఉంటే అది 2011 నాటి మ్యాక్. ఆ చిప్‌కు విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్‌ఎక్స్ 11 రాదు, మ్యాక్ గ్రాఫిక్స్ పద్ధతి ఆపిల్ మెటల్ కూడా రాదు. గిల్డ్ వార్స్ 2 ఇప్పుడు డైరెక్ట్‌ఎక్స్ 11 మీద నడుస్తుంది కాబట్టి ఆ మ్యాక్‌కు క్లౌడ్ ఒక్కటే దిక్కు. హెచ్‌డీ 4000 నుంచి పైకి ఉంటే దారులున్నాయి.

బూట్ క్యాంప్

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డిస్క్‌లో చోటు ఉంటే బూట్ క్యాంపే మొదటి ఎంపిక. 2006లో ఆపిల్ ఇంటెల్‌కు మారిన ఏడాదే దీన్ని తెచ్చింది. దీంతో మ్యాక్ నిజంగానే విండోస్ కంప్యూటర్ అయిపోతుంది. మధ్యలో అనువాదం చేసే పొర ఉండదు. గేమ్ తయారుచేసినవాళ్లు ఏ విండోస్ మీద పరీక్షించారో ఆ విండోస్ మీదే మీరూ ఆడతారు. ఏదైనా తేడా వస్తే వాళ్ల సహాయ విభాగం వింటుంది కూడా. వైన్ మీద ఆడుతున్నామంటే అక్కడితో మాట ముగించేస్తారు.

2012 నుంచి వచ్చిన మ్యాక్‌లలో 64 బిట్ విండోస్ 10 పడుతుంది. కనీసం 64 జీబీ ఖాళీ కావాలని, 128 ఉంటే మేలని ఆపిల్ చెప్తుంది. గిల్డ్ వార్స్ 2 ఒక్కటే 60 జీబీ పైన తింటుంది కాబట్టి నా లెక్కలో 150 జీబీ లేకుండా మొదలుపెట్టవద్దు. 128 జీబీ ఎయిర్ ఉన్నవాళ్లు నిరాశపడనక్కర్లేదు. విండోస్‌ను లోపల చిన్న పార్టిషన్‌లో పెట్టి, గేమ్ ఫోల్డర్‌ను బయటి ఎస్ఎస్‌డీలో పెట్టుకోవచ్చు. 2012 నుంచి మ్యాక్‌లలో యూఎస్‌బీ 3 ఉంది, వేగానికి లోటు రాదు. ఈ గేమ్‌కు ఇన్‌స్టాల్ అంటూ పెద్ద తతంగం లేదు, ఫోల్డర్ ఎక్కడుంటే అక్కడి నుంచే నడుస్తుంది.

ఇందులో ఎదురయ్యే చిక్కులు ఇవి. డిస్క్‌లో చోటు కనిపిస్తున్నా పార్టిషన్ చేయలేనని బూట్ క్యాంప్ అసిస్టెంట్ మొరాయిస్తే, అడ్డం పడుతున్నది సాధారణంగా మ్యాక్ బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ డిస్క్‌లోనే దాచుకున్న స్నాప్‌షాట్లు (పాత ఫైళ్ల నకళ్లు). టైమ్ మెషీన్ ఆటోమేటిక్ బ్యాకప్ ఆపి, స్నాప్‌షాట్లు తీసేసి, మ్యాక్ ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. 2015కు ముందరి మోడళ్లకు 16 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ఆ తర్వాతి వాటికి అక్కర్లేదు.

విండోస్ ఎక్కాక వైఫై కనిపించకపోతే కంగారు పడకండి, ఆపిల్ డ్రైవర్లు ఇంకా పడలేదని అర్థం. అందుకే మ్యాక్‌ఓఎస్‌లో ఉన్నప్పుడే బూట్ క్యాంప్ అసిస్టెంట్ యాక్షన్ మెనూ నుంచి విండోస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న మోడళ్లలో ఆపిల్ ఇచ్చే డ్రైవర్ చాలా పాతది. కొత్త గేములు క్రాష్ అవడానికి అది పెద్ద కారణం. బూట్ క్యాంప్ కోసమే ఏఎండీ విడిగా ఇచ్చే డ్రైవర్లు వేయండి.

ఇంకొకటి మన దేశంలో ఉన్నవాళ్లకు బాగా తగులుతుంది. మ్యాక్‌ఓఎస్ కంప్యూటర్ గడియారాన్ని గ్రీన్‌విచ్ టైమ్‌లో ఉంచుతుంది, విండోస్ మాత్రం స్థానిక టైమ్ అనుకుంటుంది. ఆపిల్ సర్వీసు దాన్ని సరిచేయాలి. అది సరిగా పనిచేయకపోతే విండోస్‌లో టైమ్ అయిదున్నర గంటలు అటో ఇటో జరిగిపోతుంది. టైమ్ తప్పితే సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, గేమ్ లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మార్చి మార్చి విసిగిపోయేకన్నా ముందు టాస్క్‌బార్ మూలన గడియారం చూడండి.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో విండోస్ పెద్ద చిప్‌నే వాడుతుంది. గేమ్‌కు అది లాభం, బ్యాటరీకి నష్టం. ఛార్జర్ పెట్టే ఆడండి. ట్రాక్‌ప్యాడ్‌తో ఈ గేమ్ ఆడలేరు, రైట్ బటన్ నొక్కి పట్టుకుని కెమెరా తిప్పాలి. మామూలు రెండు బటన్ల మౌస్ చాలు.

బూట్ క్యాంప్‌కు ఉన్న నిజమైన లోటు విండోస్ 10 వయసు. 2025 అక్టోబర్ 14తో దానికి ఉచిత మద్దతు ముగిసింది. మామూలు వినియోగదారులకు పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే అని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ మ్యాక్‌లు దాన్ని విండోస్‌కు ఇవ్వవు. దొడ్డిదారిన విండోస్ 11 వేసేవాళ్లున్నారు. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ పడే తిప్పలు చూస్తే నేను వద్దనే అంటాను. ఆ విండోస్ పార్టిషన్‌ను గేమ్‌కు మాత్రమే ఉంచుకోండి. బ్యాంకు పనులు, ఈమెయిల్ అందులో తెరవకండి.

క్రాస్‌ఓవర్, వైన్

రోజంతా మ్యాక్‌లో పని చేసుకుని, సాయంత్రం ఓ గంట గేమ్ ఆడేవాళ్లకు ప్రతిసారీ ఆప్షన్ కీ పట్టుకుని రీస్టార్ట్ చేయడం విసుగే. అలాంటివాళ్లకు క్రాస్‌ఓవర్. ఇది వైన్ మీద కట్టిన డబ్బు చెల్లించే సాఫ్ట్‌వేర్. 14 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. విండోస్ కొనక్కర్లేదు, పార్టిషన్ అక్కర్లేదు. గేమ్ విండోస్‌ను ఏదైనా అడిగితే ఆ మాటను వైన్ మ్యాక్‌కు అర్థమయ్యేలా అప్పటికప్పుడు మార్చి చెప్తుంది. మన పెద్దలు కోర్టులో దుబాసీని పెట్టుకున్నట్టు. దుబాసీ ఎంత చురుకైనవాడైనా మాటకు మాటకు మధ్య కాస్త ఆలస్యం తప్పదు.

ఆ ఆలస్యం ఎంతన్నది గ్రాఫిక్స్ దారిని బట్టి ఉంటుంది. వైన్‌లో మామూలుగా ఉండే దారి డైరెక్ట్‌ఎక్స్‌ను ఓపెన్‌జీఎల్‌లోకి మారుస్తుంది. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఈ దారి ఇరుకు. రెండోది డీఎక్స్‌వీకే. అది డైరెక్ట్‌ఎక్స్‌ను వల్కన్ అనే మరో గ్రాఫిక్స్ పద్ధతిలోకి మారిస్తే, మోల్టెన్‌వీకే ఆ వల్కన్‌ను ఆపిల్ మెటల్‌లోకి మారుస్తుంది. రెండు మజిలీలున్నా సాధారణంగా ఇదే వేగం. గేమ్ నల్లటి తెరతో ఆగిపోతే, నేల కనిపించకుండా పాత్రలు గాల్లో తేలుతుంటే, ముందు బాటిల్ (ఒక్కో గేమ్ కోసం క్రాస్‌ఓవర్ చేసే విడి గది) సెట్టింగ్స్‌లో డీఎక్స్‌వీకే ఉందా లేదా చూసి, రెండోది మార్చి ప్రయత్నించండి. డీ3డీమెటల్ అనే మూడోదాన్ని అందరూ పొగుడుతుంటారు. అది ఆపిల్ సొంత చిప్‌లకు మాత్రమే, ఇంటెల్ మ్యాక్‌లో దాని జోలికి పోనక్కర్లేదు. విస్కీ అనే ఉచిత యాప్ కూడా అంతే, ఇంటెల్ మీద నడవదు. ఉచితంగా కావాలంటే పోర్టింగ్ కిట్ ఉంది. కాస్త ఓపిక ఉన్నవాళ్లకు సరిపోతుంది.

డీఎక్స్‌వీకేతో మొదటి గంటలో గేమ్ అక్కడక్కడా గుచ్చినట్టు ఆగి ఆగి నడుస్తుంది. కొత్త మ్యాప్‌లోకి వెళ్లినప్పుడు, కొత్త మంత్రాల మెరుపులు కనిపించినప్పుడు ఇంకా ఎక్కువ. షేడర్లు (వెలుగునీడలు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పుడే మొదటిసారి తయారవుతున్నాయి, అంతే. చాలామంది ఇక్కడే విసిగి తీసేస్తారు. గేమ్‌లోని లయన్స్ ఆర్చ్ లాంటి జనం ఉండే చోట్ల ఓ పూట తిరిగాక, అదే దారిలో రెండోసారి వెళ్లి చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

లాంచర్ తెల్లగా ఖాళీగా రావడం, లోపల ట్రేడింగ్ పోస్ట్ అనే సంత తెరిస్తే ఏమీ లేకపోవడం మరో తరచూ వచ్చే సమస్య. ఆ రెండూ గేమ్ లోపల దాగిన చిన్న బ్రౌజర్ మీద నడుస్తాయి. మిగతా గేమ్ బాగానే ఉన్నా ఆ బ్రౌజర్ వైన్‌లో తడబడుతుంది. పాత బాటిల్‌లో ఒక్కో సెట్టింగ్ పీకుతూ కూర్చోవడం కన్నా, మీ మ్యాక్‌ఓఎస్ ఒప్పుకునే అత్యంత కొత్త క్రాస్‌ఓవర్ వేసి, కొత్త బాటిల్ చేసి, గేమ్ ఫోల్డర్‌ను అందులోకి చూపించడం త్వరగా తేలే పని. ఈసింక్, ఎంసింక్ అనే స్విచ్‌లు కూడా ఉంటాయి. వాటిలో ఒక్కసారికి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే బాగుపడినా చెడినా దేనివల్లో తెలియదు.

రెటీనా స్క్రీన్ ఉన్నవాళ్లు హై రిజల్యూషన్ మోడ్ ఆపేయాలి. 15 అంగుళాల రెటీనా స్క్రీన్ 2880కి 1800 పిక్సెళ్లది. గేమ్‌ను 1440కి 900లో నడిపితే గ్రాఫిక్స్ చిప్ గీయాల్సింది నాలుగో వంతే. పాత మ్యాక్‌లో ఒక్క మార్పుతో ఇంత తేడా తెచ్చేది ఇంకొకటి లేదు.

గేములు అమ్మే యాప్ స్టీమ్ ద్వారా ఆడాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: పాత మ్యాక్‌లో వద్దు. మ్యాక్ స్టీమ్ 2024 ఫిబ్రవరిలో హై సియెరా, మొహావీలను వదిలేసింది. విండోస్ వైపు కూడా 2024 జనవరి 1 నుంచి 7, 8.1లకు మద్దతు లేదు. గిల్డ్ వార్స్ 2 సొంత లాంచర్ చాలా తేలిక. పైగా స్టీమ్‌లో మొదలుపెట్టిన అకౌంట్ స్టీమ్‌కే అంటుకుని ఉంటుంది. అరీనానెట్ సైట్‌లో నేరుగా అకౌంట్ చేసుకుంటే రేపు ఏ దారికి మారినా వెంట వస్తుంది.

మిగిలిన మూడు

ప్యారలెల్స్, వీఎంవేర్ ఫ్యూజన్ లాంటి వర్చువల్ మెషీన్ల గురించి ఎక్కువ చెప్పను. ప్యారలెల్స్‌కు 2019లో 15వ వెర్షన్‌తో మెటల్ ద్వారా డైరెక్ట్‌ఎక్స్ 11 వచ్చింది. ఫ్యూజన్ 2024 నుంచి ఉచితం. పేపర్ మీద బాగానే ఉన్నా, 8 జీబీ ర్యామ్‌లో మ్యాక్‌ఓఎస్, విండోస్, గేమ్ మూడూ సర్దుకోవాలి. సర్దుకోలేవు. ఆఫీసు పనికి, పాత 2డీ గేములకు వాడండి. 16 జీబీ, మంచి గ్రాఫిక్స్ ఉన్న ఐమ్యాక్‌లో తప్ప ఆన్‌లైన్ 3డీ గేమ్‌కు సిఫారసు చేయను.

లైనక్స్‌కు రోజు రోజుకీ విలువ పెరుగుతోంది. విండోస్ 10 వెళ్లిపోతున్న కాలంలో, ఆపిల్ అప్‌డేట్లు ఆగిపోయిన మ్యాక్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా తెచ్చేది ఇదే. లైనక్స్‌లో విండోస్ గేములు నడిపే స్టీమ్ ప్రోటాన్ కూడా వైన్ కుటుంబమే కానీ, లైనక్స్‌లో వల్కన్ నేరుగా ఉంటుంది కాబట్టి మ్యాక్‌లో ఉన్న రెండో మజిలీ తప్పుతుంది. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న మ్యాక్‌లలో దీన్ని తప్పకుండా ప్రయత్నించమంటాను. 2012, 2013 నాటి ఇంటెల్ చిప్‌లకు మాత్రం లైనక్స్‌లో కూడా వల్కన్ అసంపూర్ణమే. కొత్త డీఎక్స్‌వీకే వాటి మీద పనిచేయదు, పాత 1.10 వరుసతోనో ఓపెన్‌జీఎల్ దారితోనో సరిపెట్టుకోవాలి. చాలా మ్యాక్‌బుక్‌లలో వైఫై బ్రాడ్‌కామ్‌ది. దాని డ్రైవర్ విడిగా వేయాలి కాబట్టి ఇన్‌స్టాల్ రోజున ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇవ్వండి. ఆపిల్ సెక్యూరిటీ చిప్ టీ2 ఉన్న, 2018 నుంచి వచ్చిన మోడళ్లకు ప్రత్యేక కెర్నల్ (లైనక్స్ మూలభాగం) కావాలి. కొత్తవాళ్లకు అది భారం.

క్లౌడ్ అంటే గేమ్ ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంది, మీ మ్యాక్ వీడియో చూపించి, మీ కీలు అక్కడికి పంపుతుంది. జీఫోర్స్ నౌ అందులో పేరున్నది. మీ గేమ్ వాళ్ల జాబితాలో ఉండాలి, సర్వర్ మీ ఊరికి దగ్గరగా ఉండాలి. ఈ రెండూ కుదిరితే మ్యాక్ ఎంత పాతదన్నది దాదాపు లెక్కలోకి రాదు. ఉచిత ప్లాన్‌లో ఒక్కో సెషన్ గంటే. 2020 ఆగస్టులో ఆపిల్‌తో గొడవ పడ్డాక మ్యాక్‌లో అప్‌డేట్లు ఆగిపోయిన ఫోర్ట్‌నైట్‌ను చాలామంది ఈ దారిలోనే ఆడారు. మ్యాక్‌లో వేడి లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. కానీ వీడియో నిరంతరం దిగుతూనే ఉంటుంది, మొబైల్ డేటా మీద ఆడేవాళ్లకు ఇది కుదరదు.

ఏ దారైనా తప్పని మూడు తలనొప్పులు

మొదటిది వేడి. ఆడటం మొదలుపెట్టిన పది, పదిహేను నిమిషాల దాకా బాగుండి తర్వాత ఫ్రేమ్‌లు (సెకనుకు తెర మీద గీసే బొమ్మలు) సగానికి పడిపోతే, అది గేమ్ తప్పో క్రాస్‌ఓవర్ తప్పో కాదు. యాక్టివిటీ మానిటర్ తెరవండి. కెర్నల్ టాస్క్ అనే పేరు ప్రాసెసర్‌ను విపరీతంగా వాడుతున్నట్టు చూపిస్తే, చిప్ చల్లబడటానికి మ్యాక్ తనంతట తనే మిగతా పనులకు పగ్గం వేస్తోందని అర్థం. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఏ మ్యాక్ అయినా ఇదే చేస్తుంది. వెనక మూత తీయించి ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము తుడిపించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించండి. పదేళ్ల మ్యాక్‌కు ఇంత మేలు ఏ సాఫ్ట్‌వేర్ చేయలేదు. మంచం మీద, దిండు మీద పెట్టి ఆడకండి. మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్ విండోస్‌లో కూడా ఉంది, గేమ్ మొదలుపెట్టకముందే ఫ్యాన్ వేగం పెంచి ఉంచుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే, ట్రాక్‌ప్యాడ్ పైకి లేచినా, వెంటనే ఆడటం ఆపి మార్పించండి. అది ప్రమాదం.

రెండోది నెట్. స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తున్నా గేమ్‌లో కొన్ని సెకన్లకోసారి ఎగిరెగిరి పడుతుంటే, ఎయిర్‌డ్రాప్, హ్యాండాఫ్ ఆపేసి చూడండి. చుట్టూ ఉన్న ఆపిల్ పరికరాలను వెతకడానికి మ్యాక్ వైఫైని మధ్యమధ్యలో పక్క ఛానల్‌కు మళ్లిస్తుంది. బ్రౌజింగ్‌లో తెలియదు కానీ గేమ్‌లో కత్తి దూసేలోపు ఇటు మనిషి పడిపోతాడు. వీలైతే థండర్‌బోల్ట్ నుంచి ఈథర్‌నెట్ అడాప్టర్ కొని కేబుల్ పెట్టుకోండి. గిల్డ్ వార్స్ 2లో 7:11:3తో మొదలయ్యే ఎర్రర్ వచ్చి బయటపడేస్తుంటే, కనెక్షన్ మధ్యలో తెగుతోందని అర్థం. గేమ్ షార్ట్‌కట్ చివర -clientport 80 అని రాసి (దీన్నే ఆర్గ్యుమెంట్ అంటారు) గేమ్ తెరిస్తే, మామూలు 6112 పోర్టును మీ నెట్ కంపెనీయో హాస్టల్ వైఫైయో అడ్డుకుంటున్నా దారి దొరుకుతుంది. ఈ గేమ్‌కు సర్వర్లు ఉత్తర అమెరికాలో, యూరప్‌లో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఆడేవాళ్లు యూరప్ ఎంచుకోండి, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు ఉత్తర అమెరికా. అక్కడున్న తమ్ముడూ ఇక్కడున్న అన్నా కలిసి ఆడాలనుకుంటే, ఇద్దరూ ఒకే ప్రాంతం ఎంచుకోవాలి. లేకపోతే ఒకరికొకరు కనిపించరు.

ఎల్ కాపిటాన్, అంతకన్నా పాత మ్యాక్‌ఓఎస్‌లో లాగిన్ దగ్గరో డౌన్‌లోడ్ దగ్గరో సెక్యూర్ కనెక్షన్ కుదరలేదంటే దానికి వేరే కారణం ఉంది. 2021 సెప్టెంబర్ 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. దాని స్థానంలో వచ్చినది ఆ మ్యాక్‌ఓఎస్‌లకు తెలియదు. మొదట్లో అప్‌డేట్ వద్దన్నాను, ఇక్కడ మాత్రం కనీసం హై సియెరా దాకా వెళ్లండి.

మూడోది సెట్టింగులు. గ్రాఫిక్స్ అన్నీ కనిష్ఠానికి దించినా అందరూ కలిసి కొట్టే పెద్ద రాక్షసుడు వరల్డ్ బాస్ దగ్గర పది ఫ్రేమ్‌లే వస్తున్నాయంటే, ఇబ్బంది పడుతున్నది ప్రాసెసర్. ఈ గేమ్ పని ఎక్కువగా ఒక్క కోర్ మీదే పడుతుంది, చుట్టూ యాభై మంది చేరితే అది ఊపిరాడక చతికిలబడుతుంది. క్యారెక్టర్ మోడల్ లిమిట్, క్యారెక్టర్ మోడల్ క్వాలిటీ రెండూ అడుగుకు దించండి. నీడలు, రిఫ్లెక్షన్లు ఆపండి. ఫ్రేమ్ రేట్‌ను 30కి కట్టేయండి. ఒక్కోసారి 50, ఒక్కోసారి 15 వచ్చేకన్నా నిలకడగా 30 ఉంటే కళ్లకూ హాయి, చిప్‌కూ చల్లన. టెక్స్‌చర్లు మాత్రం మధ్యస్థంగా ఉంచుకోవచ్చు, ప్రాసెసర్ మీద వాటి భారం తక్కువ. మాటిమాటికీ ఒకే చోట క్రాష్ అయితే గేమ్ ఫైల్ చెడిందేమో చూడాలి. -repair అనే ఆర్గ్యుమెంట్‌తో ఒకసారి నడిపితే చెడిన ముక్కలు తనే మళ్లీ దించుకుంటుంది.

ఇక మీ మ్యాక్‌కు ఏది?

రెటీనా కాని 2012 మ్యాక్‌బుక్ ప్రో ఉంటే మీరు అదృష్టవంతులు. మూత విప్పి ర్యామ్ పెంచుకోవచ్చు, పాత హార్డ్ డిస్క్ తీసి సాటా ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చు. ఆ రెండూ చేసి బూట్ క్యాంప్‌లో విండోస్ 10 వేయండి. అదే ఏడాది నుంచి 2017 దాకా వచ్చిన ఎయిర్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. 4 జీబీ అయితే క్లౌడ్‌కే వెళ్లండి. 8 జీబీ అయితే బూట్ క్యాంప్, గేమ్ బయటి ఎస్ఎస్‌డీలో. ఏఎండీ చిప్ ఉన్న 2015 మ్యాక్‌బుక్ ప్రో, 5కే ఐమ్యాక్‌ల మీద ఈ గేమ్ బాగా ఆడుతుంది. విండోస్ వద్దనుకుంటే ముందు క్రాస్‌ఓవర్ 14 రోజులు చూసి, నచ్చకపోతే లైనక్స్. 2018, 2019 మోడళ్లకు క్రాస్‌ఓవర్ ఒక్కటే సరిపోతుంది, యాంటీ చీట్ గేములకు పక్కన బూట్ క్యాంప్.

ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో పాత మ్యాక్‌లో కొత్త మ్యాక్‌ఓఎస్ వేసుకున్నవాళ్లూ ఉన్నారు. బ్రౌజర్‌కు, ఆఫీసు పనికి అది గొప్ప సాయం. హెచ్‌డీ 4000 డ్రైవర్లను మాంటెరీలోనే ఆపిల్ తీసేసింది, ప్యాచర్ పాత డ్రైవర్లనే మళ్లీ అతికిస్తుంది. గేమ్‌లో మరకలు, మెరుపులు కనిపిస్తే ముందు దాన్నే అనుమానించండి. గేమ్ కోసమే అయితే అధికారికంగా వచ్చిన చివరి వెర్షన్ మీదే ఉండటం మేలు.

ఒక దారి నుంచి మరో దారికి మారేటప్పుడు 60 జీబీ మళ్లీ దించనక్కర్లేదు. గేమ్ మొత్తం Gw2.dat అనే ఒక్క పెద్ద ఫైల్‌లో ఉంటుంది. దాన్ని కాపీ చేసి కొత్త చోట లాంచర్ పక్కన పెడితే చాలు, లాంచర్ తేడా ఉన్నంత వరకే దించుకుంటుంది. విండోస్ పార్టిషన్‌లోని ఫైళ్లను మ్యాక్‌ఓఎస్ చదవగలదు కానీ అందులో రాయలేదు. కాబట్టి మ్యాక్ నుంచి విండోస్ వైపు తీసుకెళ్లడానికి బయటి డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.